ఎర్ర పోగుల గూడు: తాళపత్రాల గదిలో ఒక చిమ్మట కేసు

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఊరి పేరు, ఇంటి పేరు, గ్రంథాల పేర్లు మాత్రం వద్దన్నారు, కాబట్టి అవి ఇక్కడ ఉండవు. గోదావరి డెల్టాలో ఒక పాత మండువా ఇల్లు అనుకుంటే చాలు. నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత గ్రంథాలయాలకు, గోదాములకు, ఇలాంటి ఇళ్లకు పురుగుల గుర్తింపు చేసిపెడుతున్నాను. ఒక పురుగు పేరును ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఈ కేసులో తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ఇంటి పడమటి గదిలో రెండు టేకు బీరువాలు. వాటిలో ఇంటి పెద్దాయన తాతగారి నాటి తాళపత్రాలు. ప్రతి కట్టకూ పైనా కిందా చెక్క పలక, చుట్టూ ఎర్ర నూలుగుడ్డ. కట్టల మధ్య ఎండిన వేపాకు, వస కొమ్ములు. గదికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి పెద్దాయన మొలతాడుకే ఉంటుంది. ఆ ఆకుల మీద ఆయనకున్న ప్రేమ అంతటిది. ఈ తాళం సంగతి గుర్తుంచుకోండి, కేసులో దీనికి పెద్ద పాత్ర ఉంది.

వచ్చిన సమస్య

శ్రావణమాసంలో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "మాస్టారూ, గోడల నిండా గుమ్మడి గింజల్లాంటి గూళ్లు పాకుతున్నాయండీ. కట్టల మీది గుడ్డలు తినేస్తున్నాయి. ఇక ఆకుల మీద పడతాయేమోనని టెన్షన్‌గా ఉంది."

ఫొటోలు పంపారు. మన ఇళ్లలో చాలామంది చూసే ఉంటారు: బాత్రూం గోడ మీదో, బీరువా వెనకో, సున్నం రంగులో కలిసిపోయే చిన్న బూడిదరంగు గూడు. నడిమి వెడల్పుగా, రెండు కొనలూ సన్నగా ఉంటుంది. కాసేపు చూస్తే ఒక కొన నుంచి నల్లటి తల బయటికి వచ్చి, గూటిని ఈడ్చుకుంటూ పోతుంది. ముట్టుకుంటే లోపలికి పోతుంది, తర్వాత రెండో కొన నుంచి తల పెడుతుంది.

ఆ ఫొటోలు చూసి ఎవరో వాళ్లకు "ఇది ఫంగస్ మాత్" (శిలీంధ్రాల చిమ్మట) అని చెప్పారు. ఆ మాటతో ఇంట్లో భయం మొదలైంది. ఫంగస్ మాత్ ఉందంటే ఆకులకు ఫంగస్ పట్టిందనే అర్థమని పెద్దాయన అనుకున్నారు. మర్నాడే కట్టలన్నీ విప్పి ఎండలో పరిచి, ఆకు ఆకూ ఫంగస్ మందు కలిపిన నీళ్లతో తుడవాలని నిర్ణయించుకున్నారు.

మొదటి నిర్ణయం: ఆపడం

అప్పటికి పురుగు పేరు నాకూ తెలియదు. అయినా ఒక వారం ఏమీ చేయవద్దని బతిమాలాను. దానికి రెండు కారణాలు. తాటాకు మీద గంటంతో గీసిన గాట్లలో మసి నింపి అక్షరాలను కనిపించేలా చేస్తారు. తడిగుడ్డతో తుడిస్తే ఆ మసి పోతుంది. ఎండకు ఆకు వంకర తిరిగి, నారల వెంట చీలుతుంది. ఈ రెండు నష్టాలూ మళ్లీ పూడేవి కావు. రెండో కారణం పురుగుకు సంబంధించింది. ఇలా గూడు మోసే చిమ్మటలు వారంలో పెరిగి పెద్దవి కావు, లార్వా దశకే వారాలు పడుతుంది. వారం ఆగితే నష్టం కొద్దిగానే ఉంటుంది. తొందరపడి ఆకులు తుడిస్తే మాత్రం అక్షరాలే పోవచ్చు. పెద్దాయన ఒప్పుకున్నారు కానీ, గొంతులో నమ్మకం లేదు.

నా పొరపాటు

ఫోన్లోనే నేను అడిగాను: "గదిలో బూజు ఉందాండీ?" "ఉందండీ, బాగా ఉంది" అన్నారు. నేను అడిగింది ఊరగాయ మీద, తడిసిన పుస్తకం మీద పట్టే బూజు. ఆయన చెప్పింది మూలల్లో వేలాడే సాలీడు బూజు. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. ఆ జవాబుతో, ఫంగస్ ఉందన్న వాళ్ల భయం నిజమేనన్న నిర్ధారణకు నేనూ వచ్చేశాను.

మొదటి రోజంతా ఆ బూజు కోసమే వెతికాను. ఆకుల అంచులు, పలకలు, గుడ్డ మడతలు భూతద్దంతో చూశాను. పలకల మీద, గుడ్డల మీద సెల్లోటేప్ అంటించి తీసి, మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఎక్కడా శిలీంధ్రపు పోగులు లేవు, కొత్తగా పెరుగుతున్న మచ్చలూ లేవు. పడమటి గోడకు మాత్రం చెమ్మ ఉంది, సున్నం పెచ్చులూడుతోంది. ఆకుల్లో గుండ్రటి రంధ్రాలు కనిపించాయి కానీ అవి పాతవి. రంధ్రాల అంచులు ముదురు రంగుకు తిరిగాయి, కట్ట దులిపితే కొత్త పొడి రాలలేదు. అలాంటి రంధ్రాలు పుస్తకాల పెంకు పురుగు, అంటే గ్యాస్ట్రాలస్ ఇండికస్ లాంటివి చేస్తాయి. చిమ్మట పని కాదు.

సాయంత్రం కాఫీ ఇస్తూ ఆ ఇంటి కోడలు అన్న మాట నన్ను నిలబెట్టేసింది. "సంక్రాంతికి ఇల్లంతా బూజు దులుపుతాం మాస్టారూ, ఆ గదిలోకి మాత్రం మామయ్యగారు మమ్మల్ని వెళ్లనివ్వరు. ఆకులు కదులుతాయని." తల ఎత్తి చూశాను. దూలాల మధ్య ఏళ్లనాటి సాలెగూళ్లు, దుమ్ముతో బరువెక్కి వేలాడుతున్నాయి. వాటి అంచుల వెంబడి బూడిదరంగు గింజలు. పొద్దున్నుంచీ ఆ గదిలోనే తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

అంతకుముందు చేసినవి

నన్ను పిలవకముందే ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్లతో నెల తేడాతో రెండుసార్లు గోడలకు మందు కొట్టించారు. బీరువాల్లో నాఫ్తలీన్ ఉండలు వేశారు. గూళ్లు తగ్గలేదు, పెరిగాయనే అన్నారు.

ఎందుకు తగ్గలేదో ఆలోచిస్తే మూడు విషయాలు కనిపించాయి. మందు గోడ మీద పడుతుంది, లార్వా పట్టు పొర వేసిన గూటిలో ఉంటుంది. నడిచేటప్పుడు తలా, ముందు కాళ్లూ మాత్రమే బయటపెడుతుంది. రెండోది, వాళ్లు ఖాళీ గూళ్లను కూడా లెక్కపెట్టారు. చిమ్మట ఎగిరిపోయాక గూడు గోడ మీదే నెలల తరబడి ఉంటుంది. అలాంటి గూటి కొనలో ప్యూపా తొడుగు సగం బయటికి పొడుచుకుని కనిపిస్తుంది. నేను లెక్కపెట్టిన 64 గూళ్లలో 27 ఖాళీవే. మూడోది నా అనుమానం: మందుకు సాలీళ్లు, దోమలు, చీమలు చచ్చి ఆ బూజులోనే చిక్కుకున్నాయి. అదంతా ఈ పురుగుకు తిండే అయితే, మందు కొట్టి దానికి మేత పెట్టినట్టే. ఈ అనుమానం నిజమో కాదో తేలాలంటే ముందు పురుగు ఏదో తెలియాలి.

గుర్తింపు: కుటుంబం నుంచి ప్రజాతి దాకా

18 సజీవమైన గూళ్లు తెచ్చుకున్నాను. పెద్ద చిమ్మటలు బయటికి వచ్చేదాకా పెంచాను, లార్వాతో కొంతవరకే చెప్పగలం కాబట్టి.

పురుగుల వర్గీకరణలో కుటుంబం పెద్ద గుంపు, దాని లోపల ప్రజాతి, అందులో జాతి. కుటుంబం తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. తల మీద దువ్వని జుట్టులా నిక్కబొడుచుకున్న పొలుసులు, నోటి దగ్గరి స్పర్శకాల రెండో కణుపు పక్కన గట్టి వెంట్రుకలు, వెనక కాళ్ల పిక్కల మీద పొడవాటి రోమాలు. ఇది టినీడే కుటుంబం. ఇంగ్లిష్‌లో దీన్నే ఫంగస్ మాత్‌ల కుటుంబం అంటారు. వాళ్లకు ఫొటో చూసి చెప్పిన మాట తప్పు కాదు, కానీ అది సరిపోని మాట. ఈ కుటుంబంలో శిలీంధ్రాలు తినేవి ఉన్నాయి. చెట్టు మొదలు మీది గట్టి పుట్టగొడుగుల్లో తొలుచుకుని బతికేవి ఉన్నాయి. ఉన్ని, ఈకలు, కొమ్ములు తినేవీ, పక్షిగూళ్లలో చెత్త తినేవీ ఉన్నాయి. మన శాలువాలు కొరికే బట్టల చిమ్మట కూడా ఇందులోదే. కుటుంబం పేరును బట్టి తిండి చెప్పడం, ఇంటిపేరును బట్టి మనిషి ఉద్యోగం చెప్పడం లాంటిది.

ఈ కుటుంబం హద్దులే ఇంకా సర్దుకుంటున్నాయి. 2015లో జన్యువుల ఆధారంగా వచ్చిన ఒక పెద్ద పరిశీలన ఇందులోంచి రెండు గుంపులను విడదీసి వేరే కుటుంబాలుగా నిలబెట్టింది. ఏ ఉపకుటుంబంలో పెట్టాలో తెలియక పక్కన ఉంచిన ప్రజాతులు ఇంకా చాలా ఉన్నాయి.

తర్వాతి మెట్టు ప్రజాతి. ఇక్కడ రెండు తప్పుదారులు ఉన్నాయి. బట్టల చిమ్మట టినియోలా బిస్సెలియెల్లా అయితే మోసుకు తిరిగే గూడు కట్టదు, బట్ట మీదే పట్టు గొట్టాలు అల్లుతుంది. పెద్దదయ్యాక గడ్డి రంగులో మెరుస్తుంది, రెక్కల మీద మచ్చలుండవు. కాబట్టి అది కాదు. గూడు మోసే ఇంకో చిమ్మట టీనియా పెల్లియోనెల్లా. దాని రెక్కల మీద మచ్చలుంటాయి, మావాటికీ ఉన్నాయి. పాత రిపోర్టుల్లో ఇలాంటి గూడు కనిపిస్తే చాలు, ఆ పేరే రాసేసేవారు. కానీ దాని గూడు గొట్టంలా గుండ్రంగా ఉంటుంది. ఇది చపటగా, కదురు ఆకారంలో ఉంది. పైగా పెల్లియోనెల్లా అన్న పేరు కింద ఒకటికి మించిన జాతులు కలిసిపోయాయని 1979లో గాడెన్ రాబిన్సన్ అనే కీటక శాస్త్రవేత్త ఆ గుంపునంతా తిరగేసి చూపించాడు.

చపట గూడు, బూడిదరంగు రెక్క, మసక మచ్చలు, వెనక రెక్క అంచున లేత రంగు పొడవాటి పొలుసుల కుచ్చు. ఇవన్నీ ఫెరియీకా ప్రజాతి దగ్గర ఆగాయి. 1956లో హింటన్, బ్రాడ్లీ నిలబెట్టిన ప్రజాతి ఇది. గ్రీకులో ఆ మాటకు ఇల్లు మోసుకుపోయేది అని అర్థం. ఆ పేరు నాకు చాలా ఇష్టం.

జాతి దగ్గర ఎందుకు ఆగాను

ఇక్కడి నుంచి నేల మెత్తబడింది.

ఈ ప్రజాతిలో రెండు పేర్లు మన గోడల మీది పురుగుకు వాడుకలో ఉన్నాయి. ఒకటి అల్లుటెల్లా, 1892లో కానరీ దీవుల చిమ్మటల మీద రాస్తూ రెబెల్ పెట్టిన పేరు. రెండోది యుటెరెల్లా, 1897లో వెస్టిండీస్ చిన్న చిమ్మటల మీద రాసిన వ్యాసంలో వాల్సింగ్‌హామ్ పెట్టింది. ఈ రెండో పురుగునే 1930లలో ఇంకో ఇద్దరు కొత్తదనుకుని మళ్లీ పేర్లు పెట్టారు. 1932లో మేరిక్ పెట్టిన పేరు డుబిటాట్రిక్స్. లాటిన్‌లో సందేహించే స్త్రీ అని. మేరిక్ ఇంగ్లండ్‌లో బడిపంతులు, జీవితకాలంలో 14,000కు పైగా చిన్న చిమ్మటలకు పేర్లు పెట్టినవాడు. బీహార్‌లోని పూసా నుంచి కీటక శాస్త్రవేత్త ఫ్లెచర్ పంపిన మన దేశపు చిమ్మటలకూ చాలావాటికి ఆయనే పేరు పెట్టాడు. అయితే పొట్ట చివరి జననాంగాలను కోసి పోల్చడం మీద ఆయనకు నమ్మకం లేదు, రెక్కల నరాలే చూసేవాడు. ఈ కుటుంబంలో దగ్గరి జాతులను విడదీసేది ఆ జననాంగాలే.

అల్లుటెల్లా భారత్, శ్రీలంక, జావా, సీషెల్స్ దాకా ఉందని పాత జాబితాలు చెప్తాయి. ఇటీవల ఫొటోల మీద పేర్లు పెట్టేవారు మన ప్రాంతపు గూళ్లకు కొందరు ఆ పేరూ, కొందరు యుటెరెల్లా అనీ రాస్తున్నారు. గూడు చూసి ఈ రెంటినీ విడదీయడం నా వల్ల కాదు. ఫొటోలో విడదీసేవారిని నేను నమ్మను.

మొదట బయటికి వచ్చిన రెండూ ఆడవే. మూడో వారంలో, వాటికంటే చిన్నగా, మచ్చలు ఇంకా మసకగా ఉన్న మగవి రెండు వచ్చాయి. పొట్ట చివరను పొటాష్ ద్రావణంలో వేడిచేసి, కండ కరిగించి, రంగు వేసి స్లైడ్ చేశాను. ఒక స్లైడ్ పాడైంది. రెండోదాన్ని అచ్చయిన బొమ్మలతో పోల్చాను. ప్రజాతి విషయంలో అనుమానం మిగల్లేదు. జాతి విషయంలో అల్లుటెల్లాకు దగ్గరగా అనిపించింది. కానీ ఆ బొమ్మ గీసిన నమూనా మన దేశానిది కాదు. ఒక్క స్లైడ్‌లో కనిపించే చిన్న తేడా జాతి తేడానా, ఒక పురుగుకూ ఇంకో పురుగుకూ ఉండే తేడానా, స్లైడ్ మీద గాజు పలక నొక్కుకు వచ్చిన తేడానా?

మగ చిమ్మట కాలు ఒకటి తెలిసిన ల్యాబుకు పంపి, డీఎన్ఏ బార్‌కోడ్ (జాతులను పోల్చడానికి చదివే చిన్న జన్యుభాగం) తీయించాను. ఈ మెట్టు దగ్గర చాలామంది ఆగి, వచ్చిన పేరు రాసేసుకుంటారు. నాకు వచ్చిన దగ్గరి పోలికల్లో ఎక్కువ శాతం కుటుంబం పేరుతోనే ఉన్నాయి, జాతి పేరు లేదు. పేరున్న కొద్దిటికీ ఆ పేరు ఎవరు, ఏ స్లైడ్ చూసి పెట్టారో రాసి లేదు. పోల్చే పుస్తకంలోనే పేర్లు గట్టిగా లేనప్పుడు, ఆ పోలికతో నా పురుగుకు పేరు గట్టిపడదు.

అందుకే రిపోర్టులో ఇలా రాశాను: ఫెరియీకా ప్రజాతి, అల్లుటెల్లాకు దగ్గర, జాతి తేలలేదు. పెద్దాయనకు అది నచ్చలేదు. "ఇంత చేసి పేరు తెలీదంటారేంటి మాస్టారూ" అన్నారు. ఆయన బాధ అర్థమైంది. పేరు తెలిస్తే శత్రువు ముఖం చూసినట్టుంటుంది. కానీ ఆ గదిలో తీసుకోవాల్సిన నిర్ణయాలకు జాతి పేరు అక్కర్లేదు. అక్కర్లేని చోట తెలియని పేరు రాస్తే, రేపు ఇంకొకరు దాన్నే ఆధారంగా తీసుకుని జిల్లా జాబితాలో ఎక్కిస్తారు. ఈ కుటుంబంలో గందరగోళం చాలావరకు అలాగే పోగైంది.

అసలు ప్రశ్న: ఏం తింటోంది?

గుడ్డలు తింటోందనడానికి పెద్దాయన దగ్గర ఒక సాక్ష్యం ఉంది. చాలా గూళ్ల మీద ఎర్రటి పోగులు. కట్టల గుడ్డ రంగే. నేను కూడా మొదట అదే అనుకున్నాను.

తెచ్చిన వాటిలో 15 గూళ్లను ఐదు గిన్నెల్లో మూడేసి చొప్పున వేశాను. ఒకదాంట్లో పాత సాలెగూడు, ఒకదాంట్లో చచ్చిన దోమలు, ఒకదాంట్లో మనిషి వెంట్రుకలు, ఒకదాంట్లో అదే ఎర్ర నూలుగుడ్డ ముక్క, ఇంకోదాంట్లో రాతలేని పాత తాటాకు ముక్క. అన్నిటిలో పక్కన తడి దూది. వెంట్రుకల ఆలోచన నాది కాదు. పనామాలో ఆనెట్ ఐయెల్లో అనే పరిశోధకురాలు చచ్చిన దోమలూ తన జుట్టూ పెట్టి ఈ ప్రజాతి పురుగును పెంచి, 1979లో ఆ వివరాలు అచ్చువేసింది. ఆమె పరిశీలనలో లార్వా పెరగడానికి సుమారు 50 రోజులు పట్టింది.

నెల తర్వాత సాలెగూడు, దోమల గిన్నెల్లో గూళ్లు బాగా పెరిగాయి. కొనల్లో కొత్త భాగం రంగు తేడాతో తెలిసిపోతోంది. వెంట్రుకల గిన్నెలో నెమ్మదిగా పెరిగాయి. తాటాకు మీద ఒక్క గాటు లేదు, అక్కడ మూడింటిలో రెండు చచ్చాయి. నూలుగుడ్డ గిన్నెలోనూ పెరుగుదల లేదు. కానీ ఒక గూటి అంచున కొత్తగా ఎర్ర పోగులు కనిపించాయి! మైక్రోస్కోప్ కింద గుడ్డ నేత చెక్కుచెదరలేదు. అంచున ఊడి పడిన నూగునే అది ఏరుకుని గూటికి అతికించుకుంది. ఇసుక, సున్నం పొడి, దుమ్ము అతికించుకున్నట్టే ఇదీ. ఆ పోగులు దాని తిండి కాదు, ఇంటి సామాను. విసర్జనను కూడా చూశాను, ఎరుపు లేదు.

ఒక్కో గిన్నెలో మూడు పురుగులంటే చిన్న పరీక్ష. దానితో లోకానికి సూత్రం చెప్పను. ఆ గదికి మాత్రం అది సరిపోయింది, గదిలో చూసినదానితో కలిసింది కూడా. గూళ్లు ఎక్కువగా ఉన్నది దూలాల్లోనూ చెమ్మగోడ మీదా, కట్టల మీద కాదు.

పనిచేసినవి

ఆకుల జోలికి ఎవరూ వెళ్లలేదు. కట్టలను రెండు రోజులు పక్క గదిలో ఉంచి, దూలాలూ మూలలూ బూజు దులిపాం. దులిపింది ఊడ్చి వదిలేయకుండా, సన్నని ముక్కు పెట్టిన వ్యాక్యూమ్‌తో పీల్చి, ఆ చెత్తను సబ్బునీళ్లలో ముంచి పారేశాం. గూళ్లను గోడ మీంచి ఒక్కొక్కటిగా ఏరాం. బీరువాలను పడమటి గోడకు జానెడు దూరం జరిపాం. ఈ పురుగు పెరగడానికి తేమ కావాలి, ఆ గోడ దగ్గర అది దొరుకుతోంది. కిటికీకి సన్నని జాలీ వేయించారు. గదిలో రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైట్‌ను ఆపించాం, దాని కిందే దోమలూ ఉసిళ్లూ రాలుతున్నాయి. మందు కొట్టడం మానేశారు.

వీటన్నిటికంటే కష్టమైనది తాళంచెవి. నెలకోసారి ఆ గది తెరిచి బూజు చూసే పని కోడలికి ఇవ్వమని పెద్దాయనను అడిగాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే ఆమెను వెంటబెట్టుకెళ్లి, ఏ కట్ట ఎక్కడుందో, ఎలా ఎత్తాలో చూపించారు.

కార్తీకంలో లెక్కపెడితే సజీవమైన గూళ్లు 9. సంక్రాంతి ముందు 2. మరుసటి శ్రావణంలో వర్షాలకు మళ్లీ 5 కనిపించాయి. అన్నీ చెమ్మగోడ మీదే. గోడకు చెమ్మ ఆగనిదే అవి పూర్తిగా పోవని చెప్పాను. ఆ పని ఖర్చుతో కూడుకున్నది, ఇంకా మొదలు కాలేదు.

చేయాల్సింది వేరుగా చేసి ఉంటే

ఫోన్లో "బూజు" అన్న మాట విని ఊహించుకోకుండా, ఎలా ఉంది, ఎక్కడుంది అని అడగాల్సింది. ఇప్పుడు తెల్లగా మెత్తగా అంటుకుందా, దారాల్లా వేలాడుతోందా అని విడిగా అడుగుతున్నాను. మొదటిరోజే తాళంచెవి ఉన్నవారితో పాటు ఊడ్చేవారితోనూ మాట్లాడాల్సింది. మగ పురుగుల కోసం ఇంకా ఎక్కువ గూళ్లు తెచ్చుకోవాల్సింది. పాడైన స్లైడ్ ఇప్పటికీ గుర్తొస్తుంది.

నమూనాలు భద్రంగా ఉన్నాయి: ఒక మంచి స్లైడ్, పిన్ను గుచ్చిన రెండు ఆడవి, ఒక కాలు తీసిన మగది, ఆల్కహాల్‌లో నాలుగు లార్వాలు, విడి గొట్టంలో ఎర్ర పోగులున్న ఒక గూడు. లేబుళ్లు పెన్సిల్‌తో రాశాను, ఆల్కహాల్‌లో సిరా కారుతుంది. తేదీ, జిల్లా, గోడ ఎత్తు, ఏ తిండి మీద పెరిగిందన్నది, స్లైడ్ నంబరు అన్నీ ఉన్నాయి. ప్రజాతి పేరు పక్కన జాతి కోసం ఒక గీత ఖాళీగా వదిలాను. ఈ గుంపు మీద పనిచేస్తూ మన కోస్తా నమూనాలు కావాలనుకునేవారు ఎవరైనా అడిగితే పంపుతాను.